నర్సక్కతో రాయవేలూరుకి నాలుగు రోజులు

మా మదనపల్లె వైపు ఎవరినైనా "రాయవేలూరుకి రాసిచ్చినారంట" అన్నారంటే ఆ ఇంట్లో ఇక అన్నం సహించదు. జబ్బు ముదిరినప్పుడు వినబడే మాట అది. అలాంటి ఊరికి ఫైలు లేకుండా, స్కానింగు కవరు లేకుండా, ఊరికే చూసొద్దామని పోతున్నానంటే మా ఆయన నమ్మలేదు. "నిజం చెప్పు, నీకేమన్నా బాగలేదా?" అని రెండుసార్లు అడిగాడు.

నాకేం కాలేదు. మా వీధి చివర నర్సక్క ఉంటుంది. 1979లో ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే సర్కారు నర్సుగా చేరి 2013లో రిటైరైంది. డెబ్బై దాటినా వీధిలో ఏ పిల్లకి జ్వరమొచ్చినా తల్లులు ముందు ఆమె గడపే తొక్కుతారు. అసలు పేరు రేషను కార్డులో ఉంటుంది కానీ, ఊరందరికీ నర్సక్కే. ఆమె ముందుగదిలో ఏసుప్రభువు పటం పక్కనే తెల్లజుట్టు దొరసాని ఫొటో ఒకటి ఉంది. పాత క్యాలెండరులోంచి కత్తిరించి అట్టకి అంటించింది. ఐడా స్కడ్డర్. రాయవేలూరు సీఎంసీ, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి పెట్టిన డాక్టరమ్మ.

నేను బళ్ళో సోషల్ చెప్తాను. ఈ దొరసాని గురించి పిల్లలకి చెబుదామని కొంత చదివాను, చదివేకొద్దీ ఆ ఊళ్ళు చూడాలనిపించింది. సంక్రాంతి అయ్యాక అక్కని అడిగితే వెంటనే సరేనంది. ఐడా పుట్టిన రాణిపేట, పని చేసిన వేలూరు (అదే మా రాయవేలూరు), బండి కట్టుకుని పోయిన గుడియాత్తం, కథంతా మొదలైన తిండివనం అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను.

"అన్నీ వస్తా పాపా. తిండివనం మాత్రం వద్దు."

"అదే కదక్కా అసలు చోటు!"

"వద్దన్నాను కదా," అంది, చాటలో బియ్యం చెరుగుతూ.

మంగళవారం: చిత్తూరు మీదుగా

పుంగనూరు, పలమనేరు దాటి చిత్తూరు దాకా మాకు ఖర్చు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. అక్క ఆ టికెట్టుని జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకుంది. "డబ్బులిచ్చి కొన్న టికెట్లు కూడా నేనింత భద్రంగా దాచలేదు," అని తనే నవ్వుకుంది. చిత్తూరులో బస్సు మారాక మాత్రం చార్జీ పెట్టాల్సిందే. రాష్ట్రం దాటితే మనం మామూలు మనుషులం.

దాటడమంటే ఎంతని? చిత్తూరు నుంచి వేలూరు నలభై కిలోమీటర్లకి అటూ ఇటూ, అంతే. 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటే, దాని కచేరీలు ఉన్నది చిత్తూరులోనే. మా మదనపల్లెకి మిషనరీలు వచ్చింది కూడా ఈ దారినే. 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషనుదే మా ఊరి మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి. మా పక్కన ఆరోగ్యవరంలో 1915లో వచ్చిన క్షయ శానిటోరియం కూడా మిషన్లన్నీ కలిసి పెట్టిందే. అంటే మేం పరాయి చోటికేమీ పోవడం లేదు, మేనమామ ఇంటికి పోతున్నట్టే.

బస్సులో మా వెనక సీట్లో పీలేరు దంపతులు. ఆయన ఒళ్ళో ఫైలు, ఆమె ఒళ్ళో సద్దిమూట. "ఎవరికమ్మా బాగలేదు?" అని అడిగిందామె. ఎవరికీ బాగలేకపోవడం లేదంటే నమ్మకంగా లేదు ఆమెకి. పాపం దాస్తున్నారనుకుని మాకు చెరో చపాతీ పెట్టింది.

వేలూరులో దిగి ఆస్పత్రి వైపు నడిస్తే ఊరి రూపం తెలుస్తుంది. గాంధీ రోడ్డు, బాబూరావు వీధి, ఆ చుట్టూ సందులు, ఎక్కడ చూసినా లాడ్జీలే. బోర్డులు తమిళంలో ఉన్నాయి, హిందీలో ఉన్నాయి, బెంగాలీలో అంతకంటే పెద్దగా ఉన్నాయి. మన తెలుగు కూడా ఉంది, "రూములు అద్దెకు ఇవ్వబడును" అని. కలకత్తా నుంచి, జార్ఖండ్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి రైలెక్కి కాట్పాడిలో దిగి నెలల తరబడి ఉండిపోయే వాళ్ళ కోసం కట్టిన వీధులివి. రూములోనే వండుకునేలా గట్టు, చిన్న సిలిండరు. గిన్నెలూ అద్దెకే. సందు మొదట్లో బుట్టల్లో చేపలు పెట్టుకున్న తమిళావిడ బెంగాలీలో బేరమాడుతోంది. ఆ భాష ఆమెకి నేర్పిన బడి ఏదీ లేదు.

మాకు రోజుకి ఏడువందల గది దొరికింది. మొదట చెప్పింది తొమ్మిదివందలు. "పేషెంటు ఎవరు?" అని అడిగి, పేషెంటు లేరంటే రేటు పెంచబోయాడు. నర్సక్క కౌంటరు మీద చెయ్యి పెట్టి, "నాయనా, బాగున్నోళ్ళకి ఎక్కువా? ఇదేం న్యాయం?" అని తెలుగులోనే అడిగింది. అతనికి అర్థమైనట్టే ఉంది.

సాయంత్రం కుర్రాడు టీ తెచ్చి తలుపు తట్టాడు. నేను లేచేలోపు అక్క నన్ను చేత్తో ఆపింది. "ఎవరూ?" అంది. జవాబు లేదు, మళ్ళీ తట్టాడు. "పేరు చెప్పు!" వాడు తమిళంలో ఏదో అన్నాడు. "పేరు, పేరు!" వాడు పేరు చెప్పాకే గొళ్ళెం తీసింది. నేను నవ్వాపుకోలేకపోయాను. టీ ఇచ్చేవాడికి ఇంత విచారణా? అక్క మాత్రం నవ్వలేదు.

బుధవారం: వేలూరు

పొద్దున్నే ఆస్పత్రిలోని ప్రార్థన గదికి పోతానంది. నేను రానవసరం లేదంది కానీ వెళ్ళాను, వెనక బల్ల మీద కూర్చున్నాను. పదిమంది కూడా లేరు. ఒకాయన చేతికి సెలైన్ ఎక్కించడానికి గుచ్చిన సూది పట్టీతో సహా అలాగే ఉంది. బురఖా వేసుకున్న ఒకావిడ కళ్ళు మూసుకుని కూర్చుంది, ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక్కడి కాలేజీ నినాదం మార్కు సువార్తలోది. నేను ఇంగ్లీషులో చదివి అర్థం చెప్పబోతే, అక్క తన తెలుగు బైబిలు మాటల్లో అందుకుంది: "పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకు." వరండాలోకి వచ్చాక అంది, "పరిచారం అంటే ఏమిటో తెలుసా పాపా? మలం గిన్నె తీయడం. ట్రైనింగులో మొదటి వారం అదే."

ఐడా కథ ఇక్కడ కొంత చెప్పాలి. 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. తాత జాన్ స్కడ్డర్ 1819లోనే అమెరికా నుంచి సిలోనుకి వచ్చిన డాక్టరు మిషనరీ. నాన్న డాక్టరు, మిషనరీ. పెదనాన్నలూ మిషనరీలే. చిన్నప్పుడు 1877 నాటి కరువు చూసింది, ఎముకల గూళ్ళలాంటి పిల్లలకి రొట్టె ముక్కలు పంచింది. అందుకేనేమో, అమెరికాకి చదువుకి పోయాక ఈ దేశం మొహం చూడనని పట్టుబట్టింది. 1890లో తల్లికి జబ్బు చేస్తే తప్పక తిండివనం వచ్చింది. ఒక రాత్రి ముగ్గురు మొగవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, బంగళా తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, మరొకరు ఇంకో కులపాయన. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై కొట్టుకుంటున్నారు. మా నాన్న డాక్టరు, ఆయన వస్తాడని ఐడా చెబితే మొగ డాక్టరు ముట్టుకోవడానికి వీల్లేదని ముగ్గురూ వెనక్కి పోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చచ్చిపోయారు.

ఆ తర్వాత ఆమె అమెరికా తిరిగిపోయి, 1899లో కార్నెల్‌లో డాక్టరు పట్టా తీసుకుని, 1900 మొదట్లో తిరిగొచ్చింది. వచ్చిన కొన్ని నెలలకే నాన్న పోయాడు. వేలూరు బంగళాలో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడుగు గదిలో వైద్యం మొదలైంది. నర్సు లేదు. బంగళాలో పనిచేసే అతని భార్య సలోమికి కట్లు కట్టడం నేర్పి పక్కన పెట్టుకుంది. ఈ సలోమి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. ఫొటో కూడా నాకు కనబడలేదు. నర్సక్క పదేపదే అడిగింది ఆమె గురించే. "జీతం ఎంతిచ్చినారో?" అని.

న్యూయార్కు బ్యాంకరు ఒకాయన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో నలభై పడకల ఆస్పత్రి కట్టారు, మేరీ టేబర్ షెల్ పేరు మీద. ఇప్పుడది ఆరణి రోడ్డులో కంటి ఆస్పత్రి. అది చూడాలని ఆటో మాట్లాడుకున్నాం, నూటయాభై. "షెల్, షెల్" అన్నాను. ఆటో అతను తల ఊపి, చక్కగా ఊరి బయట ఒక పెట్రోలు బంకు ముందు దించాడు. అక్క దిగి చుట్టూ చూసి, "ఇదేనా పాపా ఆమె కట్టించింది?" అంది. కణ్ ఆస్పత్రి అనాలట. మళ్ళీ వెనక్కి. అతను ఇంకో వంద అడిగాడు, నలభైకి ఒప్పుకున్నాడు. తప్పు ఇద్దరిదీ కదా.

కంటి ఆస్పత్రి వరండాలో ఒంటికంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న ముసలమ్మలు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకావిడ అక్క చీర కొంగు పట్టి చూసి, "ఏ ఊరు మీది? తెలుగోళ్ళా?" అంది. వాళ్ళింట్లో తెలుగే, నూరేళ్ళ కిందట ఎప్పుడో ఇటు వచ్చారట. "ఇంట్లో మాట్లాడ్తాం, రాసేది తెలీదు," అంది. వెంటనే తన మందుచీటీ అక్క చేతిలో పెట్టి చుక్కలు ఎప్పుడు వేయాలో అడిగింది. చీటీ ఇంగ్లీషులో ఉంది. రోజుకి నాలుగుసార్లు. అక్క ఆమె వేళ్ళ మీద పొద్దు, మధ్యాహ్నం, సందె, పడుకునేముందు అని మడిచి చూపించింది. చీర కొంగుకి నాలుగు ముళ్ళు వేయించింది, చుక్కలు వేసిన ప్రతిసారీ ఒకటి విప్పమని. నేను బిల్డింగు చూశాను. అక్క ఏం చూసిందో నాకు తెలియదు కానీ అక్కడ అరగంట కూర్చుంది.

మధ్యాహ్నం ఆంబూరు బిర్యానీ. జీరక సాంబ అని సన్నగా, పొట్టిగా ఉండే బియ్యంతో చేస్తారు, మన బాస్మతి పొడుగు ఉండదు. మటను ప్లేటు రెండువందల అరవై. పక్కన పెరుగు ఉల్లిపాయ, పులుపు వంకాయ కూర. మసాలా ఘాటు తక్కువ, మన నోటికి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది, నాలుగో ముద్దకి ఆ బియ్యం వాసన పట్టుకుంటుంది. పక్క టేబులు కుర్రాడు వంకాయ మూడుసార్లు వేయించుకున్నాడు. వంకాయకి డబ్బులు అడగరని అప్పుడు తెలిసింది.

సాయంత్రం బాగాయం. కాట్పాడి నుంచి ఊరంతా దాటుకుని అటు పోయే టౌను బస్సులో ఆడవాళ్ళకి టికెట్టు లేదు, ఇక్కడ ఆధార్ కూడా అడగలేదు. కాలేజీ అక్కడుంది. 1918లో ఆడపిల్లల కోసం మెడికల్ స్కూలు తెరుస్తానంటే, ముగ్గురు వస్తే గొప్పన్నాడట మద్రాసు సర్జన్ జనరల్. 1922లో పధ్నాలుగు మంది డాక్టర్లై బయటికి వచ్చారు. మగపిల్లలకి చోటు దొరికింది 1947లోనే. దాదాపు ముప్పయ్యేళ్ళు ఇది ఆడవాళ్ళ చదువుల ఊరు.

ఇంకో మాట మన పాఠ్యపుస్తకాల్లో లేదు. ఐడా తర్వాతి కాలంలో ఈ సంస్థ పగ్గాలు పట్టిన మొదటి భారతీయురాలు మన తెలుగు డాక్టరమ్మ, విశాఖపట్నంలో 1890లో పుట్టిన హిల్డా లాజరస్. 1961లో పద్మశ్రీ ఇచ్చారు. బస్సులో ఈ సంగతి చెబితే అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "మన విశాఖపట్నం ఆమా! ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క మీటింగులో చెప్పలేదే ఎవరూ!" ముందు సీటులో ఇద్దరు నర్సింగు పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఇక్కడ నర్సుల బడి మెడికల్ స్కూలు కంటే ముందే, 1909లో వచ్చింది.

గురువారం: గుడియాత్తం దారి

నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది అసలు దీనికోసం.

ఐడా ఆస్పత్రి కట్టి కూర్చోలేదు. జనం ఆస్పత్రికి రావాలంటే బండి కావాలి, కూలి పోతుంది, మొగుడు ఒప్పుకోవాలి, అత్త ఒప్పుకోవాలి. అందుకని తనే వారానికోసారి గుడియాత్తం దారి పట్టింది. ఇరవై మూడు మైళ్ళు. మొదట ఎద్దుబండి, 1909లో అమెరికా నుంచి స్నేహితులు పంపిన ప్యూజో మోటారు. ఆ కారు చూసి జనం దయ్యమని పరుగెత్తారట. దారిలో ఫలానా చెట్టు కింద ఆగుతుందని తెలిసి రోగులు ముందే కూర్చునేవాళ్ళు. పుళ్ళు కడగడం, పళ్ళు పీకడం, కళ్ళలో మందు, చంటిపిల్లల విరేచనాలు. అక్కడ నయం కాదనుకున్నవాళ్ళని బండిలోనే ఎక్కించుకుని పోయేది. రోడ్‌సైడ్ అనేవాళ్ళు దాన్ని. ఇప్పుడు సంచార వైద్యం, గ్రామీణ ఆరోగ్యం అని మనం వాడే పెద్ద మాటలన్నిటికీ ముందు ఆ చెట్టు కింది బల్లే ఉంది. ఈ దారిలోనే కె.వి.కుప్పంలో 1977 నుంచి సీఎంసీ వాళ్ళ గ్రామీణ ఆరోగ్య కేంద్రం నడుస్తోంది.

బస్సు కాట్పాడి, లత్తేరి దాటాక నేను కిటికీలోంచి చెట్లు లెక్కపెడుతున్నాను, ఏ చింతచెట్టు కింద ఆగేదో అని. రోడ్డు వెడల్పు చేశాక చెట్లెక్కడివి? అక్క నవ్వింది. "చెట్టు దేనికి పాపా? రచ్చబండో, బడి అరుగో, ఎవరో ఒకరి పంచో చాలు. నా ఐదూళ్ళలో రెండిట్లో బడి, ఒకదాంట్లో రామాలయం, ఒకదాంట్లో పాలకేంద్రం, ఇంకోదాంట్లో సారాయంగడి పక్కన వేపచెట్టు. సారాయంగడే మంచిది, మొగోళ్ళంతా అక్కడే దొరుకుతారు."

ఐదూళ్ళు, అయిదువేల జనం ఒక సబ్ సెంటరుకి. భుజానికి వ్యాక్సిన్ డబ్బా. ఐసు కరిగేలోపు అన్ని ఇళ్ళూ తిరగాలి. సంచీలో ఐరను మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, కాన్పు కిట్టు, అన్నిటికంటే బరువైనవి రిజిస్టర్లు. మార్చి వచ్చిందంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్టు. "జనం నన్ను చూసి తలుపులేసుకునేది మార్చిలోనే," అంది. ఐడా కారు చూసి పరుగెత్తిన జనం గుర్తొచ్చారు.

మతం సంగతి కూడా నేనే కదిపాను. ఐడా మందుతో పాటు ప్రార్థన కూడా తీసుకుపోయింది. ఆమె స్నేహితురాలు ఆనీ హాంకాక్ ఇళ్ళలోకి పోయి ఆడవాళ్ళకి బైబిలు చెప్పేది. అది దాచి చెప్పే కథ నాకు నచ్చదు, అదొక్కటే చూసి తిట్టే కథా నచ్చదు. "మీరేమంటారక్కా?" అన్నాను. "నేను పోయినిళ్ళల్లో సగం మంది నాకు బొట్టు పెట్టబోయినారు. పెట్టనిచ్చినా, గేటు దాటినాక తుడుచుకున్నా. ఆళ్ళకీ తెలుసు. ఎవురూ ఏమనుకోలే," అంది. నా ప్రశ్నకి జవాబు అదేనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

గుడియాత్తం లుంగీల నేతకి, అగ్గిపెట్టెలకి పేరున్న ఊరు. ఊరి పక్క కౌండిన్య నది, మన పలమనేరు అడవుల్లో పుట్టి ఇటు దిగి పాలారులో కలుస్తుంది. మేం చూసినప్పుడు ఇసుక, నడుమ ఒక పాయ నీళ్ళు. బజారులో దారి తప్పి నేతవాళ్ళ వీధిలో పడ్డాం. మగ్గం చప్పుడు వినబడుతున్న ఇంటి అరుగు మీద కూర్చుంటే ఇంటామె మంచినీళ్ళిచ్చింది, అడక్కుండానే మజ్జిగా ఇచ్చింది. ఆమె కోడలు నిండు చూలాలు. నర్సక్క మాటల మధ్యలో ఆ పిల్ల కాళ్ళ వాపు చూసింది, చీలమండ మీద బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపుంటుందో చూసింది. "బీపీ చూపించండి, రేపే," అంది. భాష సగమే అర్థమైనా వేలు నొక్కిన తీరు అత్తకి అర్థమైంది. లుంగీ కొనబోతే దుకాణం ధర కంటే యాభై తగ్గించి నాలుగువందలకి ఇచ్చింది.

తిరిగొచ్చే బస్సులో చీకటిపడింది. కరెంటు స్తంభాలు తప్ప ఏమీ కనబడటం లేదు. "తిండివనం ఎందుకొద్దన్నానో అడగవా?" అంది అక్క.

నేనేం మాట్లాడలేదు.

"నాకు రెండో పోస్టింగు. పిల్లోడు మూడేళ్ళోడు, జ్వరం. మా ఆయన వేరే ఊర్లో. క్వార్టరు ఊరి బయట. అంతకు ముందు వారమే ఒకడు తాగొచ్చి తలుపు బాదినాడు. ఆ రాత్రి వాన. ఎవరో తలుపు తట్టినారు. మూడుసార్లు కాదు, చానాసేపు తట్టినారు. సిస్టరమ్మా, సిస్టరమ్మా అంటే వాడే మళ్ళీ వచ్చినాడనుకున్నా. దీపం ఆర్పేసినా. పిల్లోడి నోరు మూసి పట్టుకుని కూర్చున్నా."

కండక్టరు అటునుంచి ఇటు పోయాడు.

"తెల్లారి తెలిసింది. అడ్డం తిరిగిన కాన్పు. నేను పోయుంటే బతికేదో లేదో నాకు తెలీదు. ట్రైనింగులో ఈ మూడు చప్పుళ్ళ కథ చెప్పినప్పుడు ఏడ్చినోళ్ళలో నేనూ ఉన్నా. ఆ దొరసాని పిల్ల దగ్గర చదువు లేకపోయింది, తలుపు తీసింది. నా దగ్గర చదువుంది."

చాలాసేపటికి మళ్ళీ తనే అంది. "ఆ నెలలోనే ఐదూళ్ళలో చాటింపేయించినా. రాత్రిపూట వచ్చేటోళ్ళు ఇంటి ఆడమనిషిని తోడు తెచ్చుకోండి, తలుపు తట్టేముందు పేరు చెప్పి పిలవండి, ఏ వేళైనా వస్తానని. రిటైరయ్యేదాకా మళ్ళా ఒక్క రాత్రీ తలుపు తీయకుండా లేను."

లాడ్జీకి చేరేసరికి తొమ్మిదిన్నర. ఇడ్లీ పార్సిలు తెచ్చుకున్నాం, నాలుగు ఇడ్లీ నలభై. ఆమె రెండు తిని పడుకుంది.

శుక్రవారం: రాణిపేట, ఆర్కాటు

పొద్దున కుర్రాడు టీ తెచ్చాడు. తట్టకముందే తలుపవతల నుంచి పేరు గట్టిగా చెప్పాడు, మొదటి రోజు పాఠం బాగా ఒంటబట్టింది వాడికి. నర్సక్క లేచిపోయి గొళ్ళెం తీసి, వాడి చేతిలో ఇరవై పెట్టింది.

రాణిపేటకి ముప్పావుగంట. ఊరి పేరులో ఉన్న రాణి ఎవరో కాదు, మన జానపదులు పాడుకునే దేశింగు రాజు పెళ్ళాం. 1714లో యుద్ధంలో ఆయన పోతే ఆమె సహగమనం చేసిందని, ఓడించిన ఆర్కాటు నవాబే ఆమె పేరు మీద ఈ పేట కట్టించాడని చెప్తారు. మొగుడి చితి ఎక్కిన ఆడదాని పేరున్న ఊళ్ళో, కాన్పుల్లో చచ్చే ఆడవాళ్ళ కోసం పెళ్ళి కూడా మానుకున్న ఆడది పుట్టింది. పిల్లలకి ఈ మాట చెప్పాలనుకున్నాను, తర్వాత మానేశాను. వాళ్ళకై వాళ్ళే గమనిస్తే బాగుంటుంది.

ఇప్పుడు రాణిపేటంటే తోళ్ళ పరిశ్రమ. గాలి మళ్ళినప్పుడు ఆ వాసన. 1866లో ఐడా పెదనాన్న సైలస్ స్కడ్డర్ పెట్టిన ఆస్పత్రి, స్కడ్డర్ మెమోరియల్, ఇంకా నడుస్తోంది. గేటు దగ్గర ఇడియాప్పం అమ్మే ఆమెని ఐడా గురించి అడిగితే, "ఐడా అమ్మనా? వేలూరులో పెద్దాస్పత్రి వాళ్ళు," అంది, ఇప్పుడూ అక్కడ ఉద్యోగం చేస్తున్న మనిషి గురించి చెప్పినట్టు. ఆమె కొడైకెనాలులో కన్నుమూసింది 1960 మే 24న, ఎనభై తొమ్మిదేళ్ళకి. అమెరికాలో ఎవరో "డాక్టర్ ఐడా, ఇండియా" అని మాత్రమే రాసి పంపిన ఉత్తరం కూడా ఆమెకి చేరిందని చెప్తారు. సీఎంసీ కొత్త ప్రాంగణం 2022లో తెరిచింది ఈ రాణిపేట దగ్గరే, హైవే పక్కన.

పాలారు వంతెన దాటితే ఆర్కాటు. మఖన్ పేడా కొనకుండా రాకూడదని లాడ్జీ అతను చెప్పాడు. చూడ్డానికి పెద్ద గులాబ్ జామూనే. కొరికితే లోపల జీడిపప్పు, బాదం, సారపప్పు కూరి ఉంటాయి. అరకిలో డబ్బా కొన్నాం. అక్కకి షుగరు. సగం తిని, మిగతా సగం నాకు పెట్టి, రెండు నిమిషాల తర్వాత ఆ సగం కూడా వెనక్కి తీసుకుంది. బజారులో వేలూరు ముళ్ళ వంకాయ కనబడితే కిలో తీసుకున్నాను. తొడిమ నిండా ముళ్ళు, ఏరుతుంటే రెండు వేళ్ళకి గుచ్చుకున్నాయి. అక్క సంచీలోంచి చిన్న సీసా, దూది బయటికొచ్చాయి. రిటైరై పుష్కరం దాటినా ఆ సీసా లేకుండా గడప దాటదు.

ఇద్దరికీ కలిపి లాడ్జీ, తిండి, చార్జీలు, లుంగీ, పేడా అన్నీ పోను ఆరువేల రెండువందలు అయింది. అందులో పెట్రోలు బంకు దర్శనం ఖర్చు నలభై.

ఆర్కాటు బస్టాండులో వేలూరు బస్సు కోసం నిలబడ్డాం. పక్క ప్లాట్‌ఫారం మీదికి చెయ్యారు, వందవాసి మీదుగా తిండివనం పోయే బస్సు వచ్చి ఆగింది. బోర్డు తమిళంలో ఉంది, నేనే కూడబలుక్కుని చదివాను, పైకి అనలేదు. జనం ఎక్కుతున్నారు. నర్సక్క ఆ బస్సు వైపే చూస్తోంది. బస్సు కదిలింది.

"ఈడి నుంచి ఎంతసేపు పడుతుంది పాపా?"

"రెండున్నర గంటలుంటుందేమో అక్కా."

"పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు," అంది. పేడా డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో నొక్కి చూసుకుని సంచీలో అడుగున పెట్టుకుంది. మా బస్సు వచ్చింది.